కంబన్న ఆఖరి మాట

“ఆ బావిలో ఇంకా ఏం వెతుకుతారు మేడమ్? ఉండే గుళ్లన్నీ నేను లెక్కపెట్టేసినా” అన్నాడు వేణుగోపాల్.

అతని వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వారు.

ఇన్‌స్పెక్టర్ శివకుమారి నవ్వలేదు. గుంట అంచున గొంతుక్కూర్చుని పిడికెడు థర్మకోల్ గుళ్లు చేతిలోకి తీసుకుంది. ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉన్నాయి. పన్నెండంతస్తుల ఎత్తు నుంచి పడే ఇనప డబ్బాను నలగకుండా పట్టుకునేవి ఇవే. సోమవారం డబ్బా నలగలేదు. దానికీ గుళ్లకూ మధ్య ఉన్న మనిషి నలిగిపోయాడు.

కల్లూరు ఫ్యాక్టరీల వెనక ఉన్న పరిశోధన కేంద్రంలోని ఆ గోపురం లోపలంతా బోలు. పైనుంచి డబ్బాను వదిలి, అది పడేలోపు అందులో ఏం జరుగుతుందో కెమెరాతో చూస్తారు. పనివాళ్లు పై గదిని కొండ అంటారు. మెట్లెక్కేసరికి శ్రీశైలం నడిచిపోయినట్టు ఉంటుందని అలా పేరు పడింది. అడుగున ఉన్న ఈ గుంటను బావి అంటారు. బావి పని కంబన్నది. కొండ మీద పని సమీవుల్లాది. గోపురం కట్టినప్పటి నుంచి ఇద్దరూ కలిసే చేశారు. ఇప్పుడు కంబన్న లేడు. సమీవుల్లా బయట పోలీసు జీపులో కూర్చుని ఉన్నాడు.

“తలుపు చూడండి” అన్నాడు వేణుగోపాల్. “ఇది మూసుకుంటే పైన పచ్చ లైటు వెలుగుతుంది. పచ్చ లైటు వెలిగితేనే డబ్బా వదలొచ్చు. కంబన్న లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఎందుకేసుకున్నాడంటారు?”

“గాలికి గుళ్లు బయటకు ఎగిరిపోతాయి కాబట్టి.”

“అదే. లోపల పని చేసేటప్పుడు తలుపేసుకోవడం అతని అలవాటు. ఆ అలవాటు బాగా తెలిసినోడు ఒక్కడే, సమీవుల్లా. వారం ముందు క్యాంటీన్లో ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. ‘ఇంక నా మొగం చూడొద్దు’ అన్నాడంట. పదిమంది విన్నారు.”

“కంబన్న ఈ పని వదిలి మంగంపేట గనుల్లోకి పోతానన్నాడు. అందుకని అన్నాడు ఆ మాట. స్నేహితుడు పోతాడంటే కోపం రాదా?”

“కోపం వచ్చిందని మీరే అంటున్నారు కదా మేడమ్!”

కడప నుంచి ప్రత్యేకంగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ వేణుగోపాల్. పోయిన ఏడు ఒక గని హత్యను నాలుగు రోజుల్లో తేల్చి పేపర్లకెక్కాడు. ఈ కేసు మూడో రోజుకే తేల్చేశానని ఎస్పీతో చెప్పుకున్నాడు. సాయంత్రం సమీవుల్లాను హత్య నేరం కింద కోర్టుకు తీసుకుపోతాడు. అంతలోపు ఇంకేమైనా దొరికితే చూడమని ఎస్పీ శివకుమారికి చెప్పాడు. చెప్పిన తీరు చూస్తే, దొరుకుతుందని ఆయనా అనుకోలేదు.

ఆమె గుళ్లను మళ్లీ గుంటలో పోసి లేచింది.

“ఆ రోజు వీడియో నేనొకసారి చూడాలి.”

కేంద్రం డైరెక్టరు శివప్రసాద్ తన గదిలో లాప్‌టాప్ తెరిచి పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి. మూడు రోజుల్లో ఇంకో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. పక్కన రమ్యశ్రీ నిలబడింది. దీపం మీద పరిశోధన ఆ అమ్మాయిదే, డబ్బా వదిలేటప్పుడు తనూ కొండ మీదే ఉంటుంది. కర్నూలు వాళ్లమ్మాయే గానీ పుట్టిందీ పెరిగిందీ పూణేలో.

తెర మీద గాజు పెట్టె, అందులో ఒక కొవ్వొత్తి. మంట మామూలుగా, కోసుగా, పసుపుపచ్చగా ఉంది. ఉన్నట్టుండి అది కుంచించుకుపోయింది. కొస పోయింది. పసుపు రంగు పోయింది. ఒత్తి చివర నీలంగా, గుండ్రంగా, గోళీకాయంత వెలుగు నిలిచింది. మరుక్షణం తెర అదిరి చీకటయింది.

“అంతేనా?” అంది శివకుమారి.

“అంతే మేడమ్” అంది రమ్యశ్రీ. “పడేటప్పుడు లోపల దేనికీ బరువు ఉండదు. బరువు లేకపోతే వేడి గాలి పైకి పోదు. పైకి పోయే గాలి వల్లే మంట కోసుగా ఉంటుంది. అది లేకపోతే ఇలా రౌండ్‌గా అయిపోతుంది. స్పేస్‌లో అంటుకున్న నిప్పు ఎలా ఉంటుందో, ఎలా ఆపాలో తెలుసుకోవడానికి మేము అక్కడికి వెళ్లక్కర్లేదు. ఇక్కడ మూడు సెకన్లు పడేస్తే చాలు.”

‘పడేస్తే’ అన్న మాట ఆమెకే గుచ్చుకుంది.

“దీపం ఎక్కడ ముట్టిస్తారు?”

“కింద. కంబన్న చేత్తోనే. పెట్టె మూసి, డబ్బాలో పెట్టి పైకి లాగుతాం. పైకి వచ్చేలోపు ఒక్కోసారి మంట పోతుంది. అప్పుడు డబ్బా దించి మళ్లీ వెలిగించాలి.”

“పోయిందని పైన ఎట్ల తెలుస్తుంది?”

రమ్యశ్రీ డైరెక్టరు వైపు చూసింది. శివప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. “కింద స్క్రీన్ ఉంది. కంబన్న చూసి ఫోన్ చేస్తాడు.”

“పైన స్క్రీన్ లేదా?”

“ఉంది” అన్నాడతను. కాస్త ఆగి, “ఉండేది” అన్నాడు.

శివకుమారి డబ్బా చూడాలంది.

డబ్బాను కింది గదిలో బల్ల మీద పెట్టి సీలు వేశారు. సీలు విప్పి మూత తీయడానికి రమ్యశ్రీ వచ్చింది. మూత తీసింది గానీ లోపలికి చూడలేకపోయింది. “కంబన్నగారి భార్య ఒక్కరే కూర్చున్నారు. నేను వెళ్లనా?” అంది. పొద్దుటి నుంచీ ఏ కాస్త తీరికున్నా ఆ మద్దమ్మ పక్కనే ఉంది ఆ పిల్ల. మంచినీళ్లిచ్చింది, భుజం పట్టుకుని కూర్చుంది.

“పో తల్లీ” అంది శివకుమారి.

అందరూ పోయాక ఆమె టార్చి వేసి గాజు పెట్టెలోకి చూసింది. పెట్టె గోడలు శుభ్రంగా ఉన్నాయి. కొవ్వొత్తి నిటారుగా ఉంది. ఒత్తి చుట్టూ మైనం చిన్న గిన్నెలా గుంట పడి, నున్నగా గడ్డ కట్టి ఉంది.

ఆమె పెట్టె పక్కనున్న చెత్తబుట్టను బల్ల మీద కుమ్మరించింది. అంతకు ముందు వారాల్లో పడేసిన కొవ్వొత్తులు నాలుగు బయటపడ్డాయి. ఏ ఒక్కదాని నెత్తినా మైనం నిలిచి లేదు. గిన్నె ఖాళీ. మైనం చింది పక్కకు కారి పేరుకుంది. వాటితోపాటు పెట్టె తుడిచిన గుడ్డలూ ఉన్నాయి. గుడ్డల నిండా మైనపు చుక్కలు.

వెలిగే కొవ్వొత్తి అంత ఎత్తు నుంచి పడి ఆగితే కరిగిన మైనం చిందక మానదు. ఈ కొవ్వొత్తిది చిందలేదు. పడేసరికే గట్టిపడి ఉంది.

ఆమె వేణుగోపాల్‌నూ శివప్రసాద్‌నూ పిలిపించింది.

“సారూ, ఇందాక మాకు చూపించింది ఎప్పటి వీడియో?”

“సోమవారందే.”

“సోమవారం డబ్బా పడేటప్పుడు దీపం లేదు. ఈ మైనం చూడండి. ఇవిగో పాతవి. ఇప్పుడు చెప్పండి, ఎప్పటిది?”

శివప్రసాద్ కొవ్వొత్తుల వైపు చూశాడు. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

“జనవరిది” అన్నాడు. “పై స్క్రీన్ పాడై రెండు నెలలైంది. తెప్పిద్దాం తెప్పిద్దాం అంటూ గడిపేశాను. దీపం లేని డబ్బా వదిలారని తెలిస్తే, పైన చూసుకునే దారి ఎందుకు లేదని అడుగుతారు. కేంద్రం మూసేస్తారు. అందుకని ఆ రోజు తేదీ వేసి పాతది ఇచ్చాను.”

“దాంతో ఒక మనిషిని హంతకుణ్ణి చేసినారు.”

“యాక్సిడెంట్ అనే అంటారనుకున్నాను. అంత దూరం పోతుందని అనుకోలేదమ్మా. నిజంగా అనుకోలేదు.”

వేణుగోపాల్ మొహం ఎర్రబడింది. దీపం వెలుగుతోంది కాబట్టి ఇందులో పొరపాటేమీ లేదు, కావాలనే వదిలాడని అతను రాసిన కాగితాల్లో సగం ఆ వీడియో మీదే నిలబడి ఉన్నాయి. అయినా తగ్గలేదు.

“దీపం ఉంటే ఏమి, లేకుంటే ఏమి? మనిషి మీద డబ్బా వదిలింది సమీవుల్లానే కదా?”

“దీపం పోయింది. కంబన్న తెర మీద చూసినాడు. పైకి ఫోన్ చేసినాడు. ఇంక డబ్బా దిగొస్తుంది కదా, దిగేలోపు గుళ్లు సర్దుకుందామని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.”

“ఫోన్ రికార్డు నా దగ్గర ఉండాది మేడమ్. దీపం పోయిందని అతను యాడా అనలేదు. ‘కొండెక్కిందప్పా’ అన్నాడు. అంటే డబ్బా పై గదికి చేరిందని. రోజూ ఈడ అందరూ అనే మాటే అది.”

“డబ్బా పైకి చేరిందని కిందున్నోడు పైవాళ్లకు చెప్పడమేందప్పా? చేరింది వాళ్ల ముందుకే కదా!” శివకుమారి అతని కళ్లలోకి చూసింది. “మీ ఇంట్లో దేవుడి ముందర దీపం ఆరిపోతే మీ అమ్మ ఏమంటుంది?”

వేణుగోపాల్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

“ఆరిపోయింది అనదు కదా? మా అమ్మా అనదు. కొండెక్కింది అంటుంది. కంబన్న కూడా అదే అన్నాడు.”

వేణుగోపాల్ నెమ్మదిగా తల ఊపాడు. ఊపుతూనే అతని మొహంలో మళ్లీ వెలుగొచ్చింది. అది చూడగానే శివకుమారికి భయమేసింది.

“శానా మంచి పని చేసినారు మేడమ్. నాకు తోచలేదు. సమీవుల్లా ఈ ఊరోడే. కంబన్న మాట తీరు అతనికి బాగా తెలుసు. అంటే దీపం పోయిందనీ తెలుసు. దీపం పోతే కంబన్న బావిలోకి దిగుతాడనీ తెలుసు. అన్నీ తెలిసి పచ్చ లైటు కోసం కాచుకుని వదిలినాడు. ఇంతకు ముందు నా దగ్గర కోపం ఒకటే ఉండె. ఇప్పుడు కేసు మొత్తం మీరే కట్టిచ్చినారు.”

అతను కాగితం తీసి రాసుకోసాగాడు. పొద్దుటి నుంచీ తను చేసిందంతా సమీవుల్లా మెడకు ఉరి బిగించడమేనా అనిపించింది ఆమెకు.

“ఆ రికార్డు నాకివ్వు” అంది.

“వినండి. కింది ఫోను మాటే రికార్డయింది. పైవాళ్ల గొంతు రాదు.”

ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడ వైపు తిరిగింది. మోటారు రొద. రొద వెనక కంబన్న గొంతు. ఒక్క ముక్క. కొండెక్కిందప్పా. మళ్లీ విన్నది. కళ్లు మూసుకుని మళ్లీ విన్నది. ‘కొండెక్కింది’ దగ్గర ఊపిరి తీసుకునేంత ఎడం ఉంది. ఆ ఎడం తర్వాత వచ్చింది ‘అప్పా’ కాదు.

కొండెక్కింది, పాపా.

మగవాణ్ణి పాపా అని ఎవరూ పిలవరు.

ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. వేణుగోపాల్ రాసుకుంటూనే ఉన్నాడు. ఆమె ఏమీ చెప్పకుండా బయటకు నడిచింది.

జీపు వేపచెట్టు కింద ఉంది. కాపలా కానిస్టేబుల్‌ను దూరంగా పొమ్మంది. సమీవుల్లా తలెత్తాడు. గడ్డం మాసిపోయింది, కళ్లు లోపలికి పోయాయి.

“సమీ, ఆ పొద్దు ఫోన్ తీసింది ఎవరు?”

“నేనే మేడమ్. ఆ సార్‌కు కూడా చెప్పినా.”

“నిన్ను కంబన్న పాపా అంటాడా?”

అతను బేడీలున్న చేతులతో మొహం తుడుచుకున్నాడు.

“విన్యారా మీరు?”

“విన్నా. ఆ సార్ ఇంకా వినలేదు.”

“నేను పై గది బయట ఇనప పలక మీద నిలబడి డబ్బాకు కొక్కెం సరిచేస్తాండా. లోపల ఫోన్ మోగింది. ఆయమ్మి, రమ్యశ్రీ తీసింది. కిటికీలోంచి తల పెట్టి ‘కంబన్న ఓకే అన్నాడు సమీ అన్నా’ అనింది. సరే అనుకుంటి. పచ్చ లైటు రాలేదని కాచుకుంటి. లైటు వచ్చింది. వదిలేస్తి.” అతని గొంతు తెగింది. “ఆ లైటు వచ్చిందే వాడు లోపలికి పోయి తలుపేసుకున్నందుకు మేడమ్. నాకేం తెలుసు?”

“ఆ పిల్ల అబద్ధం చెప్పిందా?”

“అబద్ధమా? అది పూణే పిల్ల. కొండ అంటే మా పై గది అనే తెలుసు దానికి. డబ్బా కొండెక్కిందప్పా అని నేను రోజుకు నాలుగుసార్లు ఫోన్లో అంటా. విని విని అదే అనుకుంది. నాకూ ఆ పొద్దు తెలియదు. స్టేషన్లో ఆ సార్ రికార్డు పెట్టి వినిపించినాక తెలిసింది వాడేమన్యాడో, అది నాకేం చెప్పిందో.”

“తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు? హత్య కేసప్పా! జన్మంతా లోపలుంటావు.”

“మా అమ్మ చాంద్ బేగం కూడా ఇదే అడిగింది, యామన్నా దాస్తాండావా బిడ్డా అని. ఏం చెప్పేది?” అతను జీపు నేల వైపు చూస్తూ అన్నాడు. “డబ్బా వదిలింది నా చెయ్యే. ఆ పాపం ఎట్లా నాదే. ఆయమ్మికి ఇంకా ఏమీ తెలియదు. మద్దమ్మ పక్కన కూర్చుని ఏడుస్తాండాది. వాడు నేర్పిన మాటలన్నీ అట్లే పలికేది, వాడు పొట్ట పట్టుకుని నవ్వేటోడు. ఒక్క మాట నేర్పలేదు, అంతే. ఆ ఒక్క మాటకు నువ్వే మనిషిని చంపినావని దానికి ఎవరు చెప్పాల? నన్ను లోపలేసేయండి మేడమ్. చెప్పొద్దండి.”

శివకుమారికి ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తప్పు ఒప్పుకోమని బతిమాలే పని చాలాసార్లు పడింది. చేయని నేరం మోయనివ్వమని బతిమాలినవాణ్ణి ఇదే చూడడం.

“నీ చెయ్యి వదలలేదప్పా. నీకు ఓకే అని చెప్పినందుకు వదిలినావు. ఆ పాపకు ఓకే అనిపించినందుకు చెప్పింది. పైన తెర ఉండుంటే ఎవరి మాటా అక్కర్లేకపోయేది” అంది. “కానీ నిన్ను సాయంత్రం కోర్టుకు పోనీలేను. ఆ పాపకు నేనే చెప్తా. పక్కకు తీసుకుపోయి, నిదానంగా చెప్తా.”

“ఎంత నిదానంగా చెప్తే మాత్రం…” అన్నాడు సమీవుల్లా.

ఆమె వెనక్కి తిరిగేసరికి కానిస్టేబుల్ ఎదురొచ్చాడు. “మేడమ్, లోపల సార్ పిలుస్తాండాడు. గొంతు గుర్తుపట్టడానికి మద్దమ్మను కూర్చోబెట్టినారు.”

శివకుమారి పరుగులాంటి నడకతో లోపలికి పోయింది.

డైరెక్టరు గదిలో మద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆమె చెయ్యి రమ్యశ్రీ చేతుల్లో ఉంది. నడిపించుకుని వచ్చింది ఆ పిల్లే. వేణుగోపాల్ లాప్‌టాప్ ముందు ఉన్నాడు.

“వేణూ, ఒక్క నిమిషం ఆగు. బయటకు రా, మాట్లాడాల.”

“ఒక్క నిమిషమే మేడమ్. గొంతు అతనిదే అని ఆమె అంటే కాగితం పూర్తవుతుంది. మీ ప్రకారమే రాసినా.”

“ముందు ఆ అమ్మాయిని బయటకు—”

అతను మీట నొక్కేశాడు. పెద్ద స్పీకరులో మోటారు రొద గది నిండా మోగింది. ఆ వెనక కంబన్న, ఇంట్లో పిలిచినంత మామూలుగా:

“కొండెక్కింది, పాపా.”

మద్దమ్మ ఒళ్లంతా కదిలిపోయింది. “మాయనే” అంది. “మాయన గొంతే.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి కొంగు తీసి వేణుగోపాల్ వైపు చూసింది. “సారూ, దీపం కొండెక్కిందని చెప్పినాడు కదా. చెప్పినాక కూడా ఎందుకిడిసినారు?”

“దీపమా?” అంది రమ్యశ్రీ. “దీపం కాదమ్మా. డబ్బా కొండకి వచ్చిందని చెప్పారు. కొండ అంటే పైన రూమ్.”

“కాదు తల్లీ.” మద్దమ్మ ఆమె వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. “దీపం ఆరిపాయ అని నోటితో అనగూడదు. కొండెక్కింది అంటాం. దీపం పోయింది, ఇడవొద్దండి అని చెప్పినాడు మాయన.”

రమ్యశ్రీ పెదవులు కదిలాయి. శివకుమారి ఒక అడుగు వేసింది గానీ ఆ అడుగుతో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

“పాపా అన్యాడు” అంది మద్దమ్మ. ఇప్పుడే తోచినట్టు గదిలో అందరి మొహాలూ చూసింది. “ఎవురమ్మా ఆ పాప? ఇనింది కదా ఆ పాప. ఎందుకు చెప్పలేదంట?”

వేణుగోపాల్ చెయ్యి లాప్‌టాప్ మీదే ఆగిపోయింది. ఆ ‘పాపా’ అతనికి ఇప్పుడు వినిపించింది. శివకుమారి మొహం చూశాడు. తర్వాత రమ్యశ్రీ మొహం చూశాడు. ఆమె మద్దమ్మ చేతుల్లోంచి తన చేతులు తీసుకోబోయింది. మద్దమ్మ అలవాటుగా గట్టిగా పట్టుకుంది.

“నేనేనమ్మా” అంది రమ్యశ్రీ. “ఫోన్ తీసింది నేనే.”

సమీవుల్లా పేరు రాసిన రిమాండు కాగితాన్ని వేణుగోపాల్ బల్ల మీంచి తీసి నిలువునా చింపాడు. తర్వాత రమ్యశ్రీ మీంచి చూపు తిప్పకుండా ఇంకో తెల్ల కాగితం ఇమ్మని కానిస్టేబుల్ వైపు చెయ్యి చాపాడు.